సామ్రాజ్యమ్మ చంకలో బిందె

గంగాధరానికి తల్లి పేరు మీద ఏదైనా గొప్ప పని చెయ్యాలన్న ఆలోచన ఆమె పెద్దకర్మ నాడు విస్తరి ముందు కూర్చున్నప్పుడే పుట్టింది. పాయసం దగ్గరికొచ్చేసరికి ఆలోచన గట్టిపడింది గానీ, ఆ గొప్ప పని ఏమిటన్నది మాత్రం తేలలేదు. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలున్న మారాజులకు చచ్చిపోయిన అమ్మానాన్నల కొదవ లేదు, వాళ్ల పేరున పుణ్యకార్యాల కొదవా లేదు. పెదనాన్న కొడుకు వృద్ధాశ్రమం పెట్టేశాడు. ఐసు ఫ్యాక్టరీ ఆయన ఏటా కంటి శిబిరం నడుపుతున్నాడు. మేత ఏజెన్సీ వాళ్లు గోశాల కట్టి, ఆవులకు కూడా వాళ్ల నాయన ఫోటోనే ఎదురుగా పెట్టారు. ఇక చలివేంద్రాలంటారా, ఎండాకాలం వస్తే మనిషికి దాహం వెయ్యకముందే గ్లాసు ఎదురొస్తుంది.

"దివ్యాంగ పిలకాయలు ఖాళీగా ఉన్నారు గదన్నా," అన్నాడు ఫ్లెక్సీ బోర్డులు వేసే జడ్సన్. "ఈ పక్కంతా వాళ్లను ఇంకా ఎవురూ పట్టుకోలేదు."

గంగాధరానికి ఆ మాట నచ్చింది. నచ్చుతూనే లోపల ఎక్కడో కాస్త గుచ్చుకుంది కూడా. గుచ్చుకున్న సంగతి ఆయన పట్టించుకోలేదు. అట్లాంటివి పట్టించుకునేవాళ్లు రొయ్యల వ్యాపారంలో నిలబడరు.

ఆయన మాత్రం నిలబడ్డాడు. తండ్రి ఇచ్చిన కాస్త మాగాణిని గుంటలుగా తవ్వించి, తెల్లమచ్చ రోగం వచ్చి పక్కవాళ్లంతా మునిగిన యేడు తానొక్కడే ముందుగా రొయ్య పట్టేసి బయటపడ్డాడు. అప్పటినుంచీ ఆయన మాటకు ఊళ్లో విలువొచ్చింది. ఇస్త్రీ చొక్కా, చేతికి బంగారు గొలుసు, మాట మొదలుపెట్టే ముందు ఒక చిన్న దగ్గు. మంచివాడనే పేరు కూడా ఉంది. అంటే, చెడ్డపని చేస్తూ ఎవరికీ దొరకలేదు.

తల్లి సామ్రాజ్యమ్మ పేరు వేరే రకంది. ఆమె నోరు విప్పిందంటే ఎదుటివాడు ఏ పని మీద వచ్చాడో మర్చిపోయి వెనక్కి తిరిగేవాడు. కరెంటు బిల్లు ఇచ్చేవాడు కాగితాన్ని గేటు పైనుంచి విసిరి పరిగెత్తేవాడు. అయితే ఆ నోరు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్లైన కొత్తలో ఆమెకు మాటే పెగిలేది కాదనీ, ఆ నోరు ఆమెకు పెద్దకొడుకు ఇచ్చిపోయిన ఆస్తి అనీ ఊళ్లో పాతవాళ్లకు తెలుసు.

ఔను, గంగాధరానికి ఒక అన్న ఉండేవాడు. పేరు పెంచలయ్య. పుట్టిన వారానికే పచ్చకామెర్లు ముదిరి, కాళ్లూ చేతులూ కొయ్యబారిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. తెలివి మాత్రం చక్కగా ఉండేది. సామ్రాజ్యమ్మ వాణ్ణి చంకనేసుకుని నెల్లూరు ఆస్పత్రికి, పెంచలకోనకు, కసుమూరు దర్గాకు, ఎవరు ఏ ఊరు చెబితే ఆ ఊరికి తిరిగింది. బస్సులో వాణ్ణి చూసి మొహం తిప్పుకున్న వాళ్లనూ, "ఏ జన్మ పాపమో" అని నిట్టూర్చిన వాళ్లనూ కడిగిపారేసి పారేసి ఆమెకు ఆ నోరు అలవాటైంది. పెంచలయ్య తొమ్మిదేళ్లు బతికాడు. వాడు పోయాక నోరు ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత ఇంట్లో వాడి మాట ఆగిపోయింది. గంగాధరానికి పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు తండ్రి, "ఒక్కడే కొడుకని చెప్పండి, లేనిపోని గోల ఎందుకు" అన్నాడు. గంగాధరం అట్లాగే చెప్పాడు. మొదటిసారి చెప్పినప్పుడు నాలుక తడబడింది. ముప్పై ఏళ్లు చెప్పాక అదే నిజమైపోయింది. భార్య సులోచనకు సంగతి పెళ్లయ్యాక తెలిసింది. కూతురు వెన్నెలకు అసలే తెలియదు.

సదనానికి బోర్డు కావాలి, బోర్డు మీద అమ్మ ఫోటో కావాలి. ఆధార్ కార్డులో ఉన్న ఫోటో పనికిరాదన్నాడు జడ్సన్. అందులో ఆమె ఫోటో తీసేవాణ్ణి ఏదో అనబోతున్నట్టుంది. వెతగ్గా వెతగ్గా ఇనప్పెట్టెలో పాత స్టూడియో ఫోటో దొరికింది. సామ్రాజ్యమ్మ వయసులో ఉంది, తల నిండా పూలు. ఒక పక్కకు ఒరిగి నిలబడింది. ఒరగడానికి కారణం చంకలో ఉన్న పెంచలయ్య.

"ఈ పిలకాయ ఎవురన్నా?" అన్నాడు జడ్సన్.

గంగాధరం దగ్గాడు. "ఎవురో పక్కింటోడు. తీసెయ్."

జడ్సన్ కంప్యూటర్లో పిల్లవాణ్ణి తీసేశాడు. తీసేశాక సామ్రాజ్యమ్మ ఒక చెయ్యి గాలిని కౌగలించుకుని, నడుం నొప్పి వచ్చిన మనిషిలా వంకరగా నిలబడిపోయింది. "ఈ చేతిని ఏం చేద్దామన్నా? ఏదో ఒకటి పట్టించాల," అన్నాడు జడ్సన్. ఆవుదూడ పెట్టి చూశారు, ఎబ్బెట్టుగా ఉంది. పూలబుట్ట పెట్టారు, ఆనలేదు. చివరికి ఇత్తడి బిందె సరిగ్గా సరిపోయింది. "నిండుగా ఉందన్నా, లక్ష్మీకళ వచ్చింది," అన్నాడు జడ్సన్. 'సామ్రాజ్యమ్మ దివ్యాంగ బాలల సేవాసదనం' అన్న అక్షరాల పక్కన బిందెతో నవ్వుతూ సామ్రాజ్యమ్మ రోడ్డు మీదికి ఎక్కింది.

సదనం అంటే గంగాధరం పాత మేత గోడౌను. గులాబీ రంగు వేశారు గానీ రొయ్యల మేత వాసన పోలేదు. పిల్లలకంటే ముందు ఊళ్లో పిల్లులు వచ్చి చేరాయి. వారానికోసారి, సోమవారం, నెల్లూరు నుంచి ప్రత్యూష అనే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి పిల్లల కాళ్లూ చేతులూ సాగదీసి కసరత్తు చేయించేది. చుట్టుపక్కల నుంచి ఒక పాతికమంది పిల్లలు రావడం మొదలుపెట్టారు. వాళ్లలో సముద్రం ఒడ్డు పట్టపుపాళెం నుంచి వచ్చే చిట్టి ఒకతె. పన్నెండేళ్ల పిల్ల. కాళ్లు పెనవేసుకుపోయి ఉంటాయి, మాట నిదానంగా ముద్దగా వస్తుంది, నవ్వు మాత్రం ఈల వేసినట్టు గోడౌనంతా మోగుతుంది. తల్లి చెంచమ్మ తెల్లవారకముందే చేపల గంప దించుకుని, ఆ పిల్లను ఎత్తుకుని ఇసకలో నడిచొచ్చి ఆటో పట్టుకునేది.

గంగాధరం చక్రాల కుర్చీలు తెప్పించాడు. తెప్పించి, ప్లాస్టిక్ కవర్లు తియ్యకుండా గోడ పక్కన వరసగా నిలబెట్టించాడు. ప్రారంభోత్సవం కాకుండా పిల్లలు వాటిలో కూర్చోకూడదు. ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథికి తీరిక దొరకడం లేదు. అందుకని పిల్లలు ఆ కుర్చీలకు ఎదురుగా నేలమీద చాపలేసుకుని కూర్చునేవాళ్లు. గుళ్లో దేవుడి ముందు కూర్చున్నట్టే ఉండేది.

ఒక సోమవారం ప్రత్యూష ఉండబట్టలేక ఒక కవరు చించి చిట్టిని కుర్చీలో కూర్చోబెట్టింది. చిట్టి వెంటనే "అబ్బా" అంది. చూస్తే, కుర్చీ వీపు వెనక బిందెతో ఉన్న సామ్రాజ్యమ్మ రేకు బొమ్మ బిగించి ఉంది. దాని బోల్టులు లోపలికి పొడుచుకొచ్చాయి.

"సార్, ఆ రేకులు తీయించండి. పిల్లల వీపులు పుండ్లు పడతాయి," అంది ప్రత్యూష.

గంగాధరం నొచ్చుకున్నాడు. "మా అమ్మ బొమ్మమ్మా అది!"

చెంచమ్మ బిడ్డ వీపు రుద్దుతూ తలెత్తింది. "మీ అమ్మను మీరే పెట్టుకోండన్నా. మాకు కుర్చీ చాలు."

పాళెం వాళ్లకు కృతజ్ఞత ఉండదని గంగాధరం ఆ రాత్రి సులోచనతో అన్నాడు. రేకులు అట్లాగే ఉన్నాయి.

ఇంతలో వెన్నెలకు ఒక సంబంధం వచ్చింది. వెన్నెల తడ దగ్గర ఒక కంపెనీలో ఇంజనీరు. పిల్లవాడిది పొదలకూరు వైపు, నిమ్మతోటల వాళ్లు. పిల్లవాడి తల్లి వెంకటశేషమ్మ ప్రతిదీ తరచి తరచి అడిగే మనిషి. "మీ ఇంట్లో అందరూ ఆరోగ్యవంతులే గదండీ? మీ వంశంలో ఏమైనా..." అని ఫోనులో అడిగింది. "అబ్బే, గుండ్రాళ్లలాంటి వంశం," అన్నాడు గంగాధరం. తన ఘనత వాళ్లు కళ్లారా చూస్తే సంబంధం ఖాయమైపోతుందని, ప్రారంభోత్సవానికి రమ్మని పిలిచాడు. వాళ్లు వచ్చేదాన్నిబట్టే ముహూర్తం కుదిర్చాడు. ముఖ్య అతిథిగా చివరికి నెల్లూరులో రిటైరైన ఒక ఆఫీసరు దొరికాడు.

ఆరోజు పొద్దున్నే షామియానా వేశారు. ముందు వరసలో సోఫాలు, వాటిలో నిమ్మతోటల వాళ్లు. వెనక కుర్చీల్లో ఊళ్లోవాళ్లు. పక్కగా ఎండలో పిల్లలు. వేదిక మీద పెద్ద తెర, తెర నిండా బిందెతో సామ్రాజ్యమ్మ.

గంగాధరం దగ్గి, మైకు అందుకున్నాడు. "మా అమ్మ దయామూర్తి. దివ్యాంగ బాలల్ని చూస్తే ఆమె కళ్లు చెమర్చేవి. ఎవరినీ ఒక మాట అనేది కాదు..." వెనక వరసలో ఎవరో దగ్గారు. కరెంటు బిల్లులిచ్చే ఆయన. "ఒక్కగానొక్క కొడుకునైన నాకు ఆమె నేర్పిన పాఠం సేవ." అంటూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తడిశాయి. తన మాటలకు తానే కరిగిపోవడం గంగాధరానికి చిన్నప్పటినుంచీ ఉంది.

తర్వాత ఇంటి పెద్దగా దీపం వెలిగించడానికి ముసలమ్మను పిలిచారు. సామ్రాజ్యమ్మ చెల్లెలు ఆమె. పెంచలయ్య పుట్టినప్పుడు అక్కకు సాయంగా ఉందామని వచ్చి, వాడు పోయేదాకా ఉండి, అప్పటికి పెళ్లీడు దాటిపోయి, ఇక ఇక్కడే ఉండిపోయిన మనిషి. చూపు సరిగా ఆనదు. దీపం వెలిగించి, అక్క బొమ్మ వైపు తిరిగి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని కాసేపు చూసింది. కార్యక్రమం నడిపే యాంకరమ్మ మర్యాదకని మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది.

"అబ్బయా," అంది ముసలమ్మ. స్పీకర్లు ఊరంతా పలికాయి. "మా అక్క చంకలో ఈ బిందె ఎవురు పెట్టినారు? పెంచలయ్య యాడ?"



వెంకటశేషమ్మ సోఫాలో ముందుకు జరిగింది. "పెంచలయ్యంటే ఎవరండీ?"

గంగాధరం మైకు లాక్కున్నంత పని చేశాడు. దగ్గడం కూడా మర్చిపోయాడు. "మా పిన్నమ్మ కొడుకండీ. చిన్నప్పుడే పోయినాడు. పెద్దామె గదా, ఇట్టాంటప్పుడు గుర్తొస్తా ఉంటాడు. పాపం."

ముసలమ్మ గంగాధరం వైపు తిరిగింది.

"నా కొడుకా?" అంది. "నాకు పెళ్లెప్పుడు చేసినార్రా? ఒక్క మాట చెప్పుంటే నేనూ వచ్చుందును గదా!"

ఊళ్లోవాళ్లు ఆగలేదు. కుర్చీలు కదిలాయి, కండువాలు నోళ్లకు అడ్డంపడ్డాయి. రిటైరైన ఆఫీసరు చీఫ్ గెస్టునన్న సంగతి మర్చిపోయి కళ్లు తుడుచుకున్నాడు. అందరికంటే గట్టిగా చిట్టి నవ్వింది, ఆ ఈల నవ్వు.

ముసలమ్మ ఆ నవ్వు వైపు తల తిప్పింది. ఆమె మొహంలోని వెటకారం కాస్త సద్దుమణిగింది. "అట్నే నవ్వేవాడు," అంది. మైకు ఇంకా అక్కడే ఉంది. "నీ అన్న గదరా వాడు. మీ అమ్మ తొమ్మిదేళ్లు మోసింది వాణ్ణి. నేనూ మోసినాను. వాడికోసం నేను మొగుణ్ణే వద్దనుకుంటిని, నువ్వు వాణ్ణి బిందె చేస్తివి." అని, మెట్లు దిగి, తన చోట కూర్చుని, సోడా అడిగింది.

నిమ్మతోటల వాళ్లు మర్యాదస్తులు. భోజనాలు చేసి, తాంబూలాలు పుచ్చుకుని, ఫోను చేస్తామని వెళ్లారు. చేశారు కూడా. "అమ్మాయి బంగారం," అంది వెంకటశేషమ్మ. "మాకేం పట్టింపు లేదు. కానీ రోడ్డు మీద ఆ బోర్డుంటే, చుట్టాలంతా ఈ కుటుంబంవాళ్లు ఈ పిల్లలకే ఎందుకు సేవ చేస్తున్నారని అడుగుతారు. ఆ సదనం మూసి, బోర్డు తీసేస్తే ఆలోచిస్తాం."

గంగాధరం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "రేపే తీయిస్తా," అన్నాడు.

తల్లిని గౌరవించడం ఆయనకు ఎంత తేలికగా వచ్చిందో అంత తేలికగా పోయింది.

సులోచన ఆ రాత్రి కూతురికి మొత్తం చెప్పేసింది. వెన్నెల తండ్రిని అడక్కుండా తిన్నగా వెంకటశేషమ్మకే ఫోను చేసింది. "'అత్తా' అని పిలవాలనుకున్నానండీ, ఇప్పుడు కాదులెండి. మా పెదనాన్న గురించి మీకు నేనే చెబుదామని చేసినా. ఆయన పేరు పెంచలయ్య. కాళ్లు రావు, చేతులు రావు. బాగా నవ్వేవాడంట." తొమ్మిదేళ్లకే పోయిన పిల్లవాడికి పెదనాన్న అనే పెద్దరికం అట్లా దక్కింది. సంబంధం అక్కడితో ఆగింది. గంగాధరం మంచానికి అడ్డంపడి, తన కడుపున పుట్టిందే తన పరువు తీసిందని గోడకు చెప్పుకున్నాడు.

సోమవారం వచ్చింది. పెళ్లివాళ్ల మాట మీద వేసిన తాళం సదనానికి అట్లాగే ఉంది. ప్రత్యూష బస్సు దిగి అరుగు మీద కూర్చుంది. ఆటోల్లో తల్లులు దిగారు. మూసేశారన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. చెంచమ్మ చిట్టిని అరుగు మీద దించి, నేరుగా గంగాధరం ఇంటికొచ్చింది.

"తాళంచెవి ఇయ్యన్నా. ప్రత్యూషమ్మ వచ్చేసింది."

"సదనం మూసేసినాం మే."

"ఎందుకు?"

నిజం చెప్పడానికి కొంచెం అలవాటుండాలి. "ఇంట్లో... పెళ్లి విషయాలు..." అని గొణిగాడు గంగాధరం.

"మీ ఇంట్లో పెళ్లికీ మా బిడ్డ కాళ్లకీ ఏందన్నా సంబంధం?" అంది చెంచమ్మ. "కాళ్లు కొంచెం విచ్చుకుంటా ఉండాయి ఇప్పుడిప్పుడే. ఒక్క వారం ఆపితే మళ్లా బిగుసుకుంటాయంట. తాళంచెవి ఇయ్యి, నేను పోయి తెరుచుకుంటా. నువ్వు రావద్దులే."

ఆ చివరి మాట ఆయన్ను లేపింది. తన సదనాన్ని, తన గోడౌనును, తాను లేకుండా తెరుస్తారా? చొక్కా వేసుకుని తానే వెళ్లి తాళం తీశాడు. తీసి, లోపలికి అడుగుపెట్టగానే గోడ పక్కన కుర్చీలు కనిపించాయి. ప్రతి కుర్చీ వెనకా బిందె. అరుగు మీదున్న తల్లులు ఒకరినొకరు చూసుకుని నవ్వు రాకుండా పెదాలు బిగపట్టుకున్నారు. ఊళ్లో అప్పటికే ఎవరైనా నీళ్ల బిందె ఎత్తుకుంటే పిల్లలు "పెంచలయ్యను ఎత్తుకుంటివా" అంటున్నారు.

"ఆ రేకులన్నీ ఊడపీకించండి!" అని అరిచాడు గంగాధరం.

వైద్యం చెప్పి చేయించలేనిది సిగ్గు చేయించింది. మధ్యాహ్నానికల్లా బోల్టులు ఊడాయి. సాయంత్రానికి చిట్టి కుర్చీలో ఆనుకుని కూర్చుని, ఎవరూ తొయ్యకుండానే తలుపు దాకా వెళ్లింది. గంగాధరం అది చూశాడు. ఫోటో తీయడానికి జడ్సన్ లేకపోయెనే అనుకున్నాడు.

అప్పటినుంచీ సోమవారాలు ఆగలేదు. ఆపుదామంటే ఎట్లా ఆపాలో ఆయనకు తెలియలేదు. ఆటోలు వచ్చేస్తున్నాయి.

మరుసటి ఏడు వార్షికోత్సవానికి గంగాధరం పూర్తిగా కోలుకున్నాడు. అవమానమూ గుంటలో రొయ్యలాంటిదే, అదను చూసి పట్టుకుంటే లాభమే. తెర మీద ఈసారి ఫోటో పూర్తిగా ఉంది, పిల్లవాడితో సహా. గంగాధరం దగ్గి మొదలుపెట్టాడు. "మా అన్న పెంచలయ్య నా ప్రాణం. వాణ్ణి నేను రోజూ వీపు మీద మోసుకుని బడికి తీసుకుపోయేవాణ్ణి. దారిలో వాడు నా చెవిలో, 'తమ్ముడా, నాలాంటోళ్లకు ఏదైనా చెయ్యరా' అనేవాడు..." ముందు వరసలో వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. గంగాధరం కళ్లల్లోంచి కూడా ధారగా కారాయి.

కింద వెన్నెల పక్కన కూర్చున్న ముసలమ్మ ఆకువక్క నములుతూ, "వీడికప్పుడు నాలుగేళ్లు," అంది. "నిక్కరు జారిపోతే పైకి లాక్కోను చేతకాదు. వీడు మోసినాడంట."

"పోనీలే అవ్వా," అంది వెన్నెల నవ్వాపుకుంటూ.

"నాకేం. బడేదో కూడా చెప్పమను. వాడు బడికి పోనేలేదు."

వేదిక మీద గంగాధరం మూడోసారి కన్నీళ్లు తుడుచుకుంటుండగా, షామియానా అంచున చెంచమ్మ లేచి నిలబడింది. చిట్టి కుర్చీని ఇసకలోకి కాకుండా చక్రాల కోసం పరిచిన పలకల దారిలోకి తిప్పుకుంటూ, యాంకరమ్మను అడిగింది.

"ఇంకా ఎంతసేపమ్మా? ఆటో ఆయన పొయ్యేట్టుండాడు."